నీలిగడ్డిలో అమ్మవారి పడవ

నమోదు 611
గాలి పడమటి నుంచి, మోస్తరుగా. పదిహేడో గాలిమర బాగా తిరుగుతోంది.

కాపలా లాగ్‌లో రోజుకు కనీసం పది వాక్యాలు రాయాలి. కాపలా మనిషి నిద్రపోలేదనడానికి అదే రుజువట. గాలి గురించి ఎవరైనా ఎంతకని రాస్తారు? ఏ భాషలో రాసినా ఫరవాలేదన్నారు కాబట్టి తెలుగులో రాస్తున్నాను. మొదట్లో గాలి గురించే రాసేదాన్ని. తర్వాత మెల్లగా మా ఇంటి సంగతులు రాయడం అలవాటైంది. ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు.

నా పేరు నాంచారి. కొల్లేటి మధ్యనుండే కొంగలంక మా ఊరు. సముద్రం పైకొచ్చి కొల్లేటిని కలిపేసుకున్న ఏడాది, లంకలో మిగిలిన వాళ్ళందరినీ ఓడలోను, ఆ తర్వాత రోజుల తరబడి రైల్లోను తీసుకొచ్చి ఈ తర్గే దేశంలో దించారు. ఆరేళ్ళయింది. ఇక్కడ సముద్రం లేదు, చెరువు లేదు, చూపు ఆనినంత మేరా నడుమెత్తు నీలిగడ్డి. ఇదంతా ఒకప్పుడు దుమ్ము లేచే ఎడారట. ప్రయోగశాలలో పుట్టించిన ఈ గడ్డిని నాటాక నేల నిలబడిందట. దేశానికి కావలసిన కరెంటంతా గాలిదే. మా లంక వాళ్ళందరికీ గాలిమరల దగ్గరే పని.

ఈ రోజు రాయదగిన సంగతి ఒకటుంది. అన్నం తింటూ తింటూ మావయ్య చెయ్యి ఆపి, "ఈ ఏడు అమ్మని పడవెక్కిద్దామే నాంచారీ" అన్నాడు.

మావయ్య అంటే నా మామగారు, వీరరాఘవులు. లంకలో గంగానమ్మ జాతరకు పడవ కట్టేది తరతరాలుగా వాళ్ళ ఇంటివాళ్ళే. అమ్మవారి ఘటాన్ని పడవలో పెట్టి లంక చుట్టూ తిప్పితే గాని మాకు ఏడాది మొదలైనట్టు కాదు. ఇక్కడికి వచ్చాక ఆ ఊసే లేదు.

"నీళ్ళేవి మావయ్యా?" అన్నాను.

"నీళ్ళు లేకపోతే లేకపోయినయ్. గాలుందిగా" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

నమోదు 612
గాలి పడమటి నుంచే.

పునరావాస కచేరీకి వెళ్ళాం. అక్కడి అధికారి తుయే. ముప్పై ఏళ్ళుంటాయి. తర్గే మనుషుల్లో చెవిపూస పెట్టుకోకుండా మాతో మాట్లాడేది ఆయనొక్కడే. చెవిపూస అంటే చెవిలో పెట్టుకునే చిన్న గింజ లాంటి యంత్రం, ఎదుటివాళ్ళ మాటనూ రాతనూ మన భాషలోకి మార్చి వినిపిస్తుంది. దానికి తెలుగు నేర్పినవాళ్ళు ఏ పాత పుస్తకాలు చదివించారో గాని అది గ్రాంథికం తప్ప మాట్లాడదు. తుయే మాత్రం మా బడిపిల్లల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. అందుకని ఆయన మాట అచ్చం మా లంక పిల్లల మాటే.

"జాతర చేసుకోవచ్చండి. అయితే సగపాలు చట్టం ఉంది" అన్నాడు. "బయట చేసే ఏ పండగకైనా వచ్చినోళ్ళలో సగం మంది మీరు, సగం మంది ఈ దేశపోళ్ళు ఉండాల. ఊరికే చూడ్డానికి వస్తే కుదరదండి. వాళ్ళకీ పనుండాల. డబ్బులిచ్చి పిలవకూడదు."

"ఎందుకండీ ఇట్టాంటి చట్టం?" అని అడిగాను.

"నా చిన్నప్పుడు ఎవరి పేటలో వాళ్ళుండేవాళ్ళండి. పక్క పేటలో పండగ చప్పుడు వినపడితే గొడవలనుకుని మా అమ్మ తలుపులేసేది. ఒకసారి నిజంగానే గొడవలయినయ్. అప్పుడు పెట్టారు."

మేం పిల్లాపెద్దా కలిసి నూటపది మందిమి. అంటే ఇంకో నూటపది మంది అవతలి నుంచి రావాలి. తుయే కొంచెం ఆలోచించి ఒక దారి చూపించాడు. ఇక్కడ పుట్టిన పిల్లలు పుట్టుకతో ఈ దేశం వాళ్ళే కాబట్టి వాళ్ళను అవతలి వైపు వేసుకోవచ్చు, సగం భారం తగ్గుతుంది. పిల్లల తరఫున పెద్దవాళ్ళు ఏమీ చెప్పకపోతే చాలు, చట్టం దానంతటదే అలా లెక్కవేస్తుంది.

మా నీలవేణి ఇక్కడే పుట్టింది. దానికి ఐదేళ్ళు.

"చెప్తే?" అన్నాడు మావయ్య.

"చెప్తే మీరు చెప్పినట్టేనండి. ఎవరు ఏ వైపో ఎవరి నోటితో వాళ్ళు చెప్పుకునేదే. మేం కాదనం."

"అయితే రాసుకో బాబూ. మా పిల్లలంతా మా వైపే. నా మనవరాలు అవతల నిలబడి అమ్మని చూడాలంటే నాకీ జాతరే వద్దు."

తుయే రాసుకున్నాడు. బయటికి వచ్చాక నేను మావయ్యతో, నూటపది మందిని ఎక్కడినుంచి తెస్తాం అన్నాను. "పిలిస్తే వస్తారు. ఎందుకు రారు?" అన్నాడు.

నమోదు 619
గాలి ఉత్తరానికి తిరిగింది. చలి.

ఈ రోజు మా మేస్త్రి బెర్షా గాలిమర మెట్లెక్కి వచ్చింది. తర్గే మనిషి, యాభై దాటాయి, ఎప్పుడూ నవ్వగా చూడలేదు. లాగ్ తెరిచి చూపించి ఏదో అంది. చెవిపూస వినిపించింది: "ఇందు గాలిని గూర్చి మొదటి వాక్యము మాత్రమే యున్నది."

ఆరొందల రోజులుగా రాసిందంతా ఈవిడ చదువుతోందన్నమాట. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"మీ మామగారి మాతృమూర్తికి వయస్సెంత?" అంది.

నాకు అర్థం కాలేదు. కాసేపు మాటలు అటూ ఇటూ అయ్యాక తెలిసింది. అమ్మవారు అన్నచోటల్లా చెవిపూస మామగారి తల్లి అని చెప్పింది. అంత ముసలావిడను పడవెక్కించి గడ్డిలో తిప్పడమేమిటని బెర్షా వారం రోజులుగా దిగులుపడుతోందట. అమ్మవారంటే ఎవరో చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. అంతా విని, "పడవ దేనితో చేయుదురు?" అని అడిగింది.

చెక్క ఎక్కడుంది ఈ దేశంలో. అదే చెప్పాను.

గాలిమర కింద మూడేళ్ళుగా ఒక విరిగిన రెక్క పడివుంది. పన్నెండు బారల పొడవు, లోపలంతా డొల్ల. బెర్షా నన్ను దాని దగ్గరకు తీసుకెళ్ళి బూటుతో తట్టి, "తీసికొనిపొమ్ము. లాగునందు వ్రాయుము" అని వెళ్ళిపోయింది.

రాశాను.

సాయంత్రం మావయ్య వచ్చి రెక్క చుట్టూ తిరిగాడు. వేళ్ళతో తట్టి చెవి ఆనించి విన్నాడు. మొదలు వైపు సగం కోసి వెల్లకిలా తిప్పితే చాలన్నాడు, పడవ ఆల్రెడీ దాన్లోనే ఉందన్నాడు. చెక్కయితే నెల రోజులు చెక్కాలి, ఇదెవరో చెక్కి పెట్టారని మురిసిపోయాడు.

నమోదు 634
గాలి పడమర. జోరుగా.

పడవ ఒక రూపానికి వచ్చింది. గడ్డికోత యంత్రాల పాత చక్రాలు నాలుగు తెచ్చి మా ఆయన ఏడుకొండలు కింద బిగించాడు. లావుపాటి మెత్తని చక్రాలు, వాటి కింద గడ్డి వంగుతుందే తప్ప విరగదు. గడ్డి విరిస్తే ఈ దేశంలో పెద్ద తప్పు. తెరచాపకు ఆడవాళ్ళం తలా ఒక పాత చీర ఇచ్చాం. నేనిచ్చింది వంకాయరంగు నేత చీర, ఓడ ఎక్కిన రోజున కట్టుకున్నది. కత్తెర పెట్టేటప్పుడు కాస్త కష్టంగానే అనిపించింది.

ఈ రోజు సెలవు. అందరం స్నానాలు చేసి, గిన్నెల్లో గవ్వలూ చలిమిడీ పట్టుకుని, ఊలే పట్నంలో ఇల్లిల్లూ తిరిగి పిలిచాం. మా ఇళ్ళకూ ఆ పట్నానికీ మధ్య నడిస్తే అరగంట. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా మేం వాళ్ళ తలుపు తట్టలేదని అప్పుడే తట్టింది నాకు.

అందరూ బాగానే మాట్లాడారు. కూర్చోబెట్టారు. గవ్వలు తిన్నారు, బాగున్నాయన్నారు. జాతరకు రమ్మంటే మాత్రం ఒకటే మాట: "రాజాలము", అంటే రాలేమని. ఒక్క ఇల్లు కూడా తప్పలేదు. ఆఖరికి బెర్షా కూడా. రెక్క ఇచ్చిన మనిషి కదా అని ఆవిడ ఇంటికి ఆఖర్న వెళ్ళాను, నోరు తీపి చేసుకుని పోదామని. గుమ్మంలో నిలబడి, నా ముఖంలోకి చూస్తూ, రాలేనంది.

తిరిగొచ్చేటప్పుడు ఏడుకొండలు, "వాళ్ళ కళ్ళకి మనం గాలిమర కూలోళ్ళమే. పొరుగోళ్ళం కాదు" అన్నాడు. మావయ్య ఉలీ సుత్తీ సంచిలో పెట్టి మూతి బిగించి కట్టేశాడు.

నమోదు 636
గాలి పడమర. గంటకోసారి చూశాను. పడమరే. రెక్కలు మూడూ తిరుగుతున్నాయి. కొంచెం తగ్గింది. మళ్ళీ పెరిగింది. మేఘాలు లేవు. ఇరుసుకు నూనె పోశాను. చప్పుడు లేదు. దుమ్ము లేదు. గాలి పడమర.

నమోదు 637
గాలి పడమర.

పై మాట రాసిన కాసేపటికే బెర్షా మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతోంది. లాగ్ ముందుపెట్టి, "రెండు దినములుగా గాలి తప్ప వేరొండు లేదు. ఏమి సంభవించినది?" అంది.

"మీకు తెలియదా? ఎవరూ రామన్నారుగా" అన్నాను. నా గొంతు నాకే పుల్లగా వినపడింది.

"నీవు ఒక్కమారే పిలిచితివి" అంది బెర్షా.

"ఎన్నిసార్లు పిలవాలండీ?"

"మూడు మారులు. నీవు మరల వచ్చెదవని నేను రెండు దినములుగా వంట వండి కూర్చుంటిని."

మొదట చెవిపూస తప్పు చెప్పిందనుకున్నాను. కాదు. తర్గే వాళ్ళలో మొదటి పిలుపు మర్యాదకు పిలిచేదట. దానికి సరే అంటే తిండికి మొహంవాచిన వాళ్ళని చెప్పుకుంటారట. రెండోది ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని పిలిచేదట. మూడోసారి కూడా గుమ్మంలోకి వస్తేనే మనసారా పిలిచినట్టు. ఒక్కసారి పిలిచి మానేస్తే, మీరు రాకపోయినా మాకు ఒకటే అన్నట్టట. పట్నం పట్నమంతా రెండు రోజులుగా, లంకవాళ్ళు అన్ని గవ్వలు పెట్టి ఇలా అవమానించారేమిటని అనుకుంటున్నారట.

నాకు నవ్వు ఆగలేదు. మెట్ల మీద కూర్చుని నవ్వాను. మా బంతిలోనూ అంతే కదా. విస్తరి మీద రెండు చేతులూ అడ్డంపెట్టి చాలు చాలు అంటాం, వడ్డించేవాడు నిజంగానే వెళ్ళిపోతే వాడి మీద జన్మంతా కోపం. ఈ సంగతి బెర్షాకు చెప్పాను. చెవిపూస ఎలా చెప్పిందో గాని, ఆవిడ పెదవి ఒక పక్కకు వంగింది. అది నవ్వేనని నా నమ్మకం.

"అయితే ఇప్పుడు రెండోసారి పిలుస్తున్నా. జాతరకి రండి" అన్నాను.

"రాజాలను" అంది బెర్షా, ఎంతో తృప్తిగా.

నమోదు 645
గాలి దక్షిణం నుంచి. పలచగా.

రెండో పిలుపు అయింది, మూడో పిలుపు కూడా నిన్నటితో అయింది. మూడోసారి గుమ్మం తొక్కగానే తర్గే ఆడవాళ్ళు మా చేతులు పట్టుకుని లోపలికి లాగేశారు. అందరూ వస్తామన్నారు. వాళ్ళకు పని కావాలి కదా, తెరచాప కుట్టడానికి ఇరవై మంది దాకా వచ్చి మాతోపాటు కూర్చున్నారు. చీరల మధ్య వాళ్ళ పాత దుప్పట్లు కూడా చేరాయి. మావయ్య సంచి మూతి విప్పాడు.

తర్గే మగవాళ్ళకు పడవ లాగే పాట నేర్పుతున్నాం. "హైలెస్సా" అనడం వాళ్ళకు రావడం లేదు. "ఐలేషా" అంటున్నారు. ఫరవాలేదు, తాడు కదులుతోంది.

నమోదు 652
గాలి గురించి కింద రాస్తాను.

ఈ రోజు జాతర. పొద్దున్నే మైదానంలో రెండు గేట్లు పెట్టారు, ఒకటి మాకు, ఒకటి తర్గే వాళ్ళకు. మధ్యలో తుయే కూర్చున్నాడు. పడవ ముందు భాగాన పసుపు రాసి, వేపాకు దొరకక నీలిగడ్డితోనే తోరణాలు కట్టాం. మావయ్య తలకు పాగా చుట్టి, ఘటాన్ని ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చున్నాడు.

మా గేటులో చిన్న ఆచారం పెట్టుకున్నాం. లంకలో లాగే లోపలికి వచ్చేవాళ్ళు ఎవరింటి తాలూకానో చెప్పి బొట్టు పెట్టించుకోవాలి. నేనే గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మావాళ్ళంతా తొందరగానే లోపలికి వచ్చేశారు.

అవతలి గేటులో మాత్రం జనం తెగడం లేదు. పిలిచిన ఇళ్ళవాళ్ళు వచ్చారు. వాళ్ళ చుట్టాలు వచ్చారు. మూడేసి సార్లు పిలిచారట అన్న కబురు పక్క పట్నాలకు కూడా పాకి అక్కడినుంచి వచ్చారు. మూడువందలు దాటారు. నాకు సంతోషంతో ఒళ్ళు తేలిపోతోంది. అప్పుడు తుయే ముఖం చూశాను. పాలిపోయివుంది.

"ఏమైందండీ?"

"చట్టం రెండు వైపులా చట్టమేనండి. సగానికి సగం. ఇప్పుడు మీరు తక్కువయ్యారు" అన్నాడు. "ఇట్టా అయితే పడవ కదలకూడదు. నేను ఆపాల."

"వచ్చినోళ్ళని పొమ్మంటామా?" అన్నాడు ఏడుకొండలు.

మూడుసార్లు పిలిచి, బొట్టు పెట్టకముందే వెళ్ళమనడం ఏ దేశంలో చెల్లుతుంది? మావయ్య పడవలోంచి దిగడానికి కాలు బయట పెట్టాడు. ఎన్నడూ ఆయనను అంత ముసలివాడిలా చూడలేదు.

అవతలి గేటు లోపల బెర్షా నిలబడి ఉంది. తుయేను తమ భాషలో ఏదో అడిగింది. చెవిపూస నాకు వినిపించింది: "ఎవరు ఏ పక్షమో ఎవరు చెప్పవలెను?"

"ఎవరికి వాళ్ళేనండి" అన్నాడు తుయే. తెలుగులోనే అన్నాడు. అన్నాక తలెత్తి ఆవిడ వంక చూశాడు.

బెర్షా ఆ గేటు దాటి బయటికి వచ్చింది. మైదానం ముందునుంచి నడుచుకుంటూ మా గేటు దగ్గరకు వచ్చి నా ఎదురుగా నిలబడింది. చెవిపూస తీసి జేబులో వేసుకుంది. నేను అడగాలి కదా. అడిగాను, "ఎవరింటి తాలూకా?"

"నాంచారి తాలూకా" అంది. తెలుగులో, తన నోటితో. ఎక్కడ నేర్చుకుందో, ఎన్నిసార్లు చెప్పి చూసుకుందో.

బొట్టు పెట్టాను. కాస్త వంకరగా పడింది.

ఆవిడ వెనకే తెరచాప కుట్టినవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక తాడు లాగేవాళ్ళు. "ఏదుకొందల్ తాలూకా" అన్నాడొక మెకానిక్. మా వీధి చివరి సూర్యకాంతం తాలూకా అని ఏడుగురు చెప్పారు, ఆవిడ పులుసు రుచి చూసినవాళ్ళు. తుయే తలలు లెక్కపెడుతూ నవ్వుతున్నాడు. మావయ్య మళ్ళీ పడవలో కూర్చుని, "ఇంతమంది చుట్టాలు లంకలో కూడా లేరే" అన్నాడు.

దాదాపు సరిపోతుండగా నీలవేణి నా కొంగు లాగింది. పక్కన దాని తర్గే స్నేహితురాలు ఇష్నా ఉంది. "అమ్మా, నేను ఇష్నాతో అటు గేట్లోంచి వస్తా. వాళ్ళమ్మ అటుంది."

నేను మావయ్య వైపు చూశాను. ఆయన వింటున్నాడు. ఘటం మీద చెయ్యి అలాగే ఉంది. "పోనీయవే" అన్నాడు. "ఎటుంచి వచ్చినా పడవ దగ్గరికేగా వచ్చిద్ది."

అది పరుగెత్తింది.

ఇక గాలి సంగతి. గాలి పడమటి నుంచి లేచింది. తెరచాప విప్పగానే చీరలూ దుప్పట్లూ ఒక్కసారి నిండాయి. నాలుగొందల గొంతులు కొన్ని హైలెస్సా, కొన్ని ఐలేషా అంటుండగా తాళ్ళు లాగడం మొదలుపెట్టాం. పది అడుగులు లాగామో లేదో తాళ్ళు మా చేతుల్లోంచి జారిపోయాయి. పడవ తనంతట తనే పరుగందుకుంది. గడ్డి రెండు వైపులకూ చీలి, వెనక మళ్ళీ కలిసిపోతోంది, అచ్చం నీళ్ళలాగే. మావయ్య చుక్కాని పట్టి నిలబడ్డాడు. పాడుతున్నాడు. లంక వదిలాక ఆయన పాడగా నేను వినడం ఇదే. మేమంతా వెనక పడి పరుగెత్తాం. మేస్త్రులు, కూలీలు, పిల్లలు, పాంటు పైకి మడిచిన తుయే.

చాలా దూరం పోయాక ఒక పల్లంలో గాలి తగ్గింది, పడవ మెల్లగా ఆగింది. చుట్టూ ఏమీ లేదు, గడ్డి తప్ప. మేం చేరుకునేసరికి మావయ్య కిందికి దిగివున్నాడు. లంక నుంచి వచ్చాక ఆయన ఆ ఘటాన్ని నేలకు తగలనివ్వలేదు. ఇంట్లో ఉట్టిలోనే ఉండేది. మనం ఇక్కడ ఎన్నాళ్ళుంటామో, ఊరికే ఎందుకు దించడం అనేవాడు. ఇప్పుడు గడ్డి పక్కకు తప్పించి, అరచేత్తో మట్టి చదును చేసి, ఘటాన్ని నేల మీద పెట్టాడు.

"అమ్మ ఇక్కడాగింది. ఇక్కడే" అన్నాడు.

"ఈ స్థలం గాలిమరల శాఖదండి" అన్నాడు తుయే ఆయాసపడుతూ.

అందరం బెర్షా వైపు చూశాం. ఆవిడ చెవిపూస పెట్టుకుని, మావయ్య మాట మళ్ళీ చెప్పించుకుని విని, గడ్డిలో చతికిలబడింది. "లాగునందు వ్రాయుము" అంది నాతో.

నమోదు 690
గాలి దక్షిణం నుంచి. పదిహేడో గాలిమర బాగా తిరుగుతోంది.

పై నుంచి చూస్తే పల్లం కనబడుతుంది. మావయ్య అక్కడ రాళ్ళతో చిన్న అరుగు కట్టాడు. సాయంత్రాలు మా ఇళ్ళలోంచి ఎవరో ఒకరు వెళ్ళి దీపం పెట్టి వస్తున్నాం. రోజూ నడవడంతో గడ్డి పక్కకు ఒరిగి, మా ఇళ్ళ నుంచి అరుగు దాకా సన్నని దారి పడింది. గడ్డి విరగలేదు, ఒరిగింది అంతే. బెర్షా స్వయంగా వచ్చి చూసుకుంది.

ఈ రోజు ఇరుసుకు నూనె పోయడానికి ఇంకా పైకెక్కాను. అక్కడినుంచి ఇంకో దారి కనబడింది. ఊలే పట్నం నుంచి బయల్దేరి, మిట్ట చుట్టి, తిన్నగా అరుగు దగ్గరకే వస్తోంది. మాది కన్నా కొంచెం వెడల్పు.

అది మేం నడిచిన దారి కాదు.